కదలని పన్ను

"పీకాల్సిన పన్నుకి ఎముక మొలిపిస్తానని జనాన్ని నమ్మిస్తోంది ఈ అమ్మాయి. సంఘంలో ఉంచుదామా, తీసేద్దామా? తీసేద్దామనే వాళ్లు చేతులెత్తండి," అన్నాడు పళ్ల డాక్టర్ల సంఘం అధ్యక్షుడు.

"పట్కారు సారుకి పళ్లు చాలక మనుషుల్ని పీకుతున్నాడు," అని వెనక వరుసలో ఎవరో గొణిగారు. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. నవ్విన వాళ్లూ చేతులెత్తడానికి సిద్ధంగానే ఉన్నారు. ఆ హాల్లో సగం మందికి అరిగిన చోట ఎముక నింపే గ్రాఫ్ట్ అన్న మాట కాలేజీ పుస్తకంలో ఎక్కడో చదివిన గుర్తు. మిగతా సగం మందికి అదీ లేదు.

చిగుళ్ల డాక్టరు లేచి నిలబడింది. సంఘం నుంచి పేరు కొట్టేస్తే ఊళ్లో ఏ డాక్టరూ తన దగ్గరికి పేషెంటుని పంపడు. క్లినిక్కి తాళం వేసుకోవాల్సిందే.

"చేతులెత్తే ముందు ఒక్క నోరు చూడండి సార్. పక్క గదిలో ఉంది."

"నోరొక్కటే వచ్చిందా, వెంట మనిషి కూడా వచ్చిందా?"

హాలంతా నవ్వింది. ఆ నవ్వులు ఆగాక ఆమె చెప్పింది.

"మనిషీ వచ్చారు. కానీ ముఖం చూపించనన్నారు. ఆ షరతు మీదే ఒప్పుకున్నారు."

"ముఖంతో మనకేం పని," అంటూ అధ్యక్షుడు గ్లవ్స్ తొడుక్కున్నాడు.

పక్క గదిలో కుర్చీ మీద ఒకావిడ పడుకుని ఉంది. తల నుంచి పాదాల దాకా ఆపరేషన్లకు వాడే ఆకుపచ్చ గుడ్డ. నోటి దగ్గర మాత్రం చిల్లు. ఆవిడ బళ్లో లెక్కలు చెబుతుందని తప్ప చిగుళ్ల డాక్టరుకు ఇంకేమీ తెలియదు. కిందటేడు ఒక సాయంత్రం వచ్చి, కింది దవడ పన్నుని నాలుకతోనే ఊపి చూపించింది. ఈ గొడవ ఆవిడకి ఎలా తెలిసిందో, నిన్న తనే ఫోన్ చేసి వస్తానంది.

అధ్యక్షుడు అద్దం, లోతు కొలిచే గీతలున్న ప్రోబ్ అందుకుని వంగాడు. చిగుళ్ల అంచున ప్రోబ్ దించి, పన్ను చుట్టూ కొలిచాడు. అద్దం పిడితో తట్టాడు. రెండు వైపులా నొక్కి కదిపాడు. పన్ను కదల్లేదు. డాక్టర్లు గుమ్మం దగ్గర మూగారు.

చిగుళ్ల డాక్టరు రెండు ఎక్స్‌రేలు వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"ఇది అప్పటిది. వేరు పక్కన ఎముక సగానికి పైగా అరిగిపోయింది. శుభ్రం చేసి, ఆ గుంటలో ఎముక పొడి నింపి, పైన పొర కప్పి కుట్టాను. ఇది ఇప్పటిది."

"ఆ పొరని మళ్లీ కోసి తీయాలా?" అని గుమ్మంలోంచి ఒకతను అడిగాడు.

"అక్కర్లేదండి. లోపలే కరిగిపోతుంది."

"నువ్వాగవయ్యా," అని అధ్యక్షుడు అతన్ని కసిరి, ఆమె వైపు తిరిగాడు. "ఆ మొదటి ఎక్స్‌రే ఇంకెవరిదో తెచ్చావు. ఈ పన్నుకి ఏ జబ్బూ రాలేదు. రాయిలా ఉంది. ఇన్నేళ్లుగా నోళ్లు చూస్తున్నవాణ్ణి, నా చెవిలోనే పువ్వు పెడతావా?"

"ఊగిపోతుంటేనే వచ్చారు సార్. అంతకుముందు ఒక డెంటిస్టు చూసి, పీకేయాలన్నారట."

"ఈ పన్నునా?" అధ్యక్షుడు గుమ్మం వైపు చూశాడు. "విన్నారా? నిక్షేపంలాంటి పన్ను పీకమన్నాడట. అలాంటివాడు ఉంటేగింటే, ఈ అమ్మాయి సంగతి తర్వాత, ముందు వాణ్ణి తీసేద్దాం సంఘంలోంచి. కార్యదర్శిగారూ, రాసుకోండి."

"రాసుకున్నాను సార్," అన్నాడు కార్యదర్శి.

చిగుళ్ల డాక్టరు కుర్చీలో ఉన్నావిడ వైపు చూసింది. ఆ డెంటిస్టు ఎవరో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. తనూ అడగలేదు. ఇప్పుడు పేరు బయటికి రాకపోతే అబద్ధం తన మెడకే చుట్టుకుంటుంది.

అధ్యక్షుడు నోట్లోంచి అద్దం తీసి పళ్లెంలో పడేశాడు.

"భయపడకమ్మా, చెప్పు. ఎవడు వాడు?"

ఆకుపచ్చ గుడ్డ కింద నుంచి జవాబు తాపీగా వచ్చింది.

"మీరేనండీ. మన వంటింట్లో, టార్చిలైటు వేసి చూసి మరీ చెప్పారు."