తొంభై నిమిషాల తిట్లు

ఆట మొదలై రెండు నిమిషాలు కాలేదు, ముసలావిడ నోరు తెరిచింది.

"చూడండి, చచ్చుబండలా ఎలా నిలబడ్డాడో. వీణ్ణి ఆటగాడన్న వాడెవడు?"

జినోవీ భోజనశాలలో చెంచాలు ఆగిపోయాయి. పోలండ్ ఫుట్‌బాల్ చూపించే టీవీ హైసిన్ ఊరి మొత్తానికీ అదొక్కటే. ఆ శనివారం మధ్యాహ్నం అందరూ దాని ముందు చేరింది నెస్టర్ హ్రబ్‌చుక్ కోసం.

నెస్టర్ పోలండ్‌లో ఒక క్లబ్బులో మిడ్‌ఫీల్డర్. ముప్ఫై మూడేళ్ళు. మోకాలికి ఆపరేషనై, తొమ్మిది నెలల తర్వాత ఇవాళే మళ్ళీ మైదానంలోకి దిగాడు. ఇవాళ ఆడి చూపిస్తే క్లబ్బు ఇంకో ఏడాది ఉంచుకుంటుంది, లేదంటే సాగనంపుతుంది. పేపర్లన్నీ వారం నుంచీ ఇదే రాస్తున్నాయి. అతనిది ఈ ఊరు కాదు. అయినా పరాయిదేశంలో చేతికి మన జెండా రంగుల పట్టీ కట్టుకుని ఆడేవాడు మనవాడు కాకపోతే ఇంకెవడవుతాడు?

ముసలావిడ పేరు కూడా ఎవరికీ తెలియదు. యుద్ధం తరిమితే తూర్పు నుంచి వచ్చి బడి హాస్టల్లో తలదాచుకున్న వాళ్ళలో ఒకతి. ఇన్నాళ్ళూ అందరూ పాపం అనుకున్నారు, ఇవాళ ఆ నోరు వినేదాకా. ఈమధ్య క్లబ్బు ఆట ఉన్న ప్రతిరోజూ వచ్చి, ఒక గ్లాసు టీ ముందు పెట్టుకుని, నెస్టర్ ఆడకుండా బెంచీ మీద కూర్చున్నా సరే, కెమెరా అటు తిరిగితే కళ్ళప్పగించి చూసేది. ఇవాళ అతను దిగాడో లేదో విషం కక్కడం మొదలుపెట్టింది.

తిట్లు ఈ ఊరికి కొత్తేం కాదు. ఆ మాటకొస్తే ఇక్కడి వంటింట్లో వంటమనిషి స్తెఫా ఉల్లిపాయలు తరుగుతూ కూతుర్ని ఒకటే తిట్టడం. ఆ పిల్ల విన్నిత్సా నగరంలో పరీక్ష రాస్తోంది. ఆ వేళకి ఇంటి దగ్గర ఎవరో ఒకరు తిడుతూ కూర్చుంటేనే పరీక్ష గట్టెక్కుతుందని మా దేశంలో ఒక పట్టింపు. అది వేరు. కడుపున పుట్టినదాన్ని ఏమన్నా చెల్లుతుంది. మోకాలికి కోత పడి వచ్చినవాణ్ణి, ముక్కూమొహం తెలియనివాణ్ణి, ఇలా ఆడిపోసుకోవడం ఏం జన్మ?

నెస్టర్ ఇద్దర్ని తప్పించి బంతిని చక్కగా ముందుకు పంపాడు.

"అబ్బ, ఆ కాలు బంగారం," అన్నాడు టాక్సీ నడిపే ఒమెల్యాన్.

ముసలావిడ చటుక్కున తల తిప్పి ఎడమ భుజం మీదుగా మూడుసార్లు ఉమ్మింది. జనం తినేచోట. పక్క బల్ల దగ్గర కూర్చున్నావిడ సూప్ గిన్నె దూరంగా నెట్టేసింది.

"బంగారమట. కుట్లేసిన గోనెసంచి. పుట్టుకతోనే బద్ధకస్తుడు, వాడి మొహం చూస్తేనే తెలుస్తుంది."

"పెద్దమ్మా, నీకు వాడేం అపకారం చేశాడు?" అన్నాడు ఒమెల్యాన్.

ఆవిడ టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా తిడుతూనే ఉంది. మొద్దు అంది. కుంటి గాడిద అంది. బంతి అతని దగ్గరికి వచ్చినప్పుడల్లా గొంతు పెంచింది. విరామంలో మాత్రం నోరు మూసుకుని చల్లారిన టీ ఒక గుక్క తాగింది. ఆట మొదలవగానే మళ్ళీ అదే కంపు. 

అరవై ఏడో నిమిషంలో, స్కోరు ఒకటీ ఒకటీ ఉండగా, గోలు ముందు నెస్టర్‌ని పడేశారు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. నెస్టర్ లేచి, మోకాలు ఒకసారి తడుముకుని, బంతి తనే అందుకున్నాడు.

ముసలావిడ లేచి నిలబడింది.

"వీడా కొట్టేది? ఈ సన్నాసా? ఈ చవట..."

ఒమెల్యాన్ కుర్చీ తన్ని లేచాడు. "మనిషివేనా నువ్వు? ఇక చాలు, ఆపు."

"ఒక్క నిమిషం నాయనా. వాడు కొట్టేదాకా తిట్టనీ. ఆ తర్వాత నన్నేమన్నా అను."

"విన్నారా? సిగ్గు కూడా లేదు."

జినోవీ వచ్చి తలుపు బార్లా తెరిచాడు. "ఇంకొక్క మాట వచ్చిందంటే బయటికి పంపిస్తా. పెదవి కూడా కదపకూడదు. అర్థమైందా?"

ఆవిడ తలుపు వంక చూసింది, టీవీ వంక చూసింది. మెల్లిగా కూర్చుంది. తలకు కట్టుకున్న గుడ్డ కొస నోట్లో కుక్కుకుని పళ్ళతో బిగబట్టింది. 

నెస్టర్ పరిగెత్తుకొచ్చి కొట్టాడు. బంతి గోలు అడ్డకర్ర పైనుంచి ప్రేక్షకుల్లోకి పోయింది.

మూడు నిమిషాల తర్వాత అతన్ని మైదానంలోంచి పిలిచేశారు. చివరికి ఆ క్లబ్బు ఓడిపోయింది.

"అయిపోయింది వాడి పని," అన్నారెవరో.

ఒమెల్యాన్ ముసలావిడ బల్ల దగ్గరికి వెళ్ళాడు. "కళ్ళు చల్లబడ్డాయా?"

ఆవిడ నోట్లో గుడ్డ కొస ఇంకా అలాగే ఉంది. ఒకరొకరే ఆవిడకి దూరంగా జరిగి బయటికి నడవసాగారు. జినోవీ టీ గ్లాసు తీసేసి, ఆవిడ ముందు బల్లని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాడు, మైల అంటినట్టు.

"ఇక లే. మళ్ళీ ఇటు రాకు."

ఆవిడ లేచి కోటు తొడుక్కుంటుంటే జేబులో పాత ఫోను మోగింది. చెవులు సరిగ్గా వినబడవు కాబోలు, స్పీకరు నొక్కి ఎత్తిపట్టుకుంది. ఇంటర్వ్యూల్లో అందరూ వినీ వినీ ఎరిగిన గొంతే, అలసిపోయి, గది నలుమూలలా వినిపించింది.

"అమ్మా, ఆ పెనాల్టీ అప్పుడు నన్ను తిట్టడం ఎందుకు ఆపేశావు?"