లైటు సరిగ్గా లేదు

మైక్రోస్కోపు అడుగున బల్బు దేదీప్యమానంగా వెలుగుతోంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతోంది.

"బల్బు మార్చు," అన్నాను టెక్నీషియన్‌తో.

"నిన్ననే మార్చాను మేడమ్."

"అయితే మళ్ళీ మార్చు."

మార్చాడు. ఏం లాభం? అదే మసక.

స్లైడు మీద ఉన్నది మా చెల్లెలి రొమ్ములో గడ్డ నుంచి తీసిన ముక్క. పల్చగా పొరలా కోసి, గాజుపలక మీద పరిచి, రంగు పట్టించి ఇచ్చారు.

సొంతవాళ్ళ స్లైడు చూడకూడదని గడ్డలు పరీక్షించే మా డాక్టర్లలో ఒక పద్ధతి. పక్కగది డాక్టరుగారికి ఇచ్చేస్తాం. చెల్లెలు వింటేనా!

"నువ్వు చెబితేనే నమ్ముతాను," అని బయట బల్ల మీద బైఠాయించింది.

మళ్ళీ కళ్ళు ఆనించాను. లాభం లేదు.

ఈ వెలుతురు నడిచే దారి నాకు మా ఇంటి దారికన్నా బాగా తెలుసు. బల్బులో పుట్టి, అడుగున ఉన్న అద్దానికి తగిలి పైకి మళ్ళుతుంది. కండెన్సరు దాన్ని ఒకచోటికి కూడగట్టి స్లైడు మీదికి పంపుతుంది. ముక్కలోంచి దూరి, లెన్సులు దాటి, వచ్చి నా కంట్లో పడుతుంది. దారిలో ఎక్కడ నలుసు అడ్డుపడినా తంటానే.

అందుకే దారంతా గాలించాను. అద్దం తుడిచాను. కండెన్సరు ఎత్తాను, దించాను. లెన్సులు ఒక్కొక్కటే విప్పి తుడిచాను. చివరికి నా కళ్ళజోడు కూడా కడుక్కొచ్చాను.

"రంగు సరిగ్గా పట్టలేదు. ఇంకో ముక్క కోసి వెయ్యి."

"మళ్ళీ కోసి వేసిందే ఇది మేడమ్."

"నాకు ఎదురు ప్రశ్నలు వెయ్యకు!"

అతను వేసింది ప్రశ్నే కాదు. ఆడలేక మద్దెల ఓడంటోందని లోపల అనుకుంటున్నాడు కాబోలు. అనుకోనీ.

లైటు ఎంత దరిద్రంగా ఉందో చూపిద్దామని, ట్రేలోంచి ఇంకెవరిదో స్లైడు తీసి నేనే పెట్టాను.

వట్టి కొవ్వుగడ్డ. ఊదా చుక్కలు ఎక్కడో ఒకటీ అరా, భయపడాల్సింది ఏమీ లేదు. ఒక్క చూపుకే తెలిసిపోయింది.

అది తీసి మళ్ళీ చెల్లెలిది పెట్టాను.

లైటు మళ్ళీ పాడైపోయింది.

"పక్కగది డాక్టరుగారిని పిలవనా మేడమ్?" మెల్లగా అడిగాడు టెక్నీషియన్.

"ఎందుకూ? ఆయన వచ్చి ఉద్ధరించేదేముంది?"

అంతలో తలుపు తోసుకుని చెల్లెలే వచ్చేసింది.

"ఎంతసేపే అక్కా? చూస్తున్నావా, కునుకు తీస్తున్నావా?"

"లైటు సరిగ్గా లేదే."

"ఏదీ, జరుగు."

భుజంతో నన్ను పక్కకు నెట్టి కూర్చుంది. చిన్నప్పటి నుంచీ అది అంతే, దేనికీ ఆగదు. ఆపాలనుకున్నాను. చెయ్యి లేవలేదు.

"అబ్బ! ఎంత బాగుందే! అంతా గులాబీరంగు, మధ్యలో ఊదా చుక్కలు. ఒక్కో చుక్కా విడిగా లెక్కపెట్టొచ్చు. ఇంత బాగా కనిపిస్తుంటే లైటు మీద పడతావేం?"

టెక్నీషియన్ ట్రే అందుకుని బయటికి వెళ్ళిపోయాడు.

చెల్లెలు కళ్ళు తియ్యకుండానే నా చెయ్యి కోసం తడుముకుంది.

"ఈ ఊదావి ఇన్ని ఉండొచ్చా అక్కా?"