ఆరో కూత

రెల్లుపిట్టలు ఉన్నాయో పోయాయో తేల్చడానికి ఐదేళ్లకోసారి సర్కారు మనిషిని పంపుతుంది. ఈసారి వచ్చిన మేడం గట్టు మీద కూర్చుని చెవులు రిక్కించింది. పిట్టల్ని కదిలించమని, మడుగు కాపలా కాసే నన్ను రెల్లులోకి తోలింది.

ఎంత తిరిగినా ఒక్కటీ కూయలేదు. నాకు ఒళ్లు మండింది. పిట్టే లేదని రాసేస్తే ఈ మడుగును ఎవడు పట్టించుకుంటాడు? నడుం లోతు బురదలో నిలబడి, వేళ్లు నోట్లో పెట్టి నేనే కూశాను. చోటు మార్చి మళ్లీ కూశాను. అలా ఐదు చోట్ల.

బయటికొచ్చేసరికి మేడం ముఖం వెలిగిపోతోంది.

"నీ పిట్టలు ఉత్త వాగుడుకాయలు తమ్ముడూ! ఐదు విన్నాను. పోయినసారి రెండే."

"అయితే కాపలా ఇంకా గట్టిగా పెడతారా మేడం?"

"ఇంకెందుకయ్యా కాపలా? నాలుగు దాటితే వీటికి ముప్పు తప్పినట్టే లెక్క, అలాగే రాసేస్తాను. కంచె తీసేస్తారు. మడుగు పూడ్చి గోడౌన్లు కట్టుకుంటామని కంపెనీవాళ్లు ఎప్పట్నుంచో మా ప్రాణం తీస్తున్నారు."

ఆమెను తిట్టాలనిపించింది. తిట్టాల్సింది నన్ను.

"మేడం, ఆ కూతలు..." అన్నాను.

అప్పుడే రెల్లులోంచి సన్నగా ఒక కూత వినిపించింది. నేను చివరగా నిలబడ్డ చోటి నుంచే.

"ఇదిగో, ఆరు!" నవ్వుతూ లేచి చెప్పులు తొడుక్కుంది మేడం. "ఏంటి, ఏదో అంటున్నావు?"

దొంగకూతలు కూశానంటే కేసు పెడతారని భయమేసింది. "ఏం లేదు మేడం" అన్నాను.

తోడు దొరికిందనుకుందేమో, అది మళ్లీ కూసింది.