నాలుగు రోజుల చుట్టాలు

"అయితే నిజంగానే వెళ్తున్నావన్నమాట!"

గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగాడు టైలరు. బయట టాక్సీ హారన్ రెండోసారి మోగింది. భార్య తలెత్తకుండానే పెట్టె జిప్పు లాగింది.

"టికెట్ చూపించాను కదండీ. పన్నెండుంబావుకి విమానం."

"కట్టుకున్న మొగుణ్ణి వదిలేసి?"

"నేనెక్కడ వదిలేశాను? వీసా వాళ్ళే మిమ్మల్ని వద్దన్నారు. మీ ఎక్స్‌రేలో మచ్చ ఉందట. నా కాయితాలు నాకొచ్చాయి. మళ్ళీ ఇలాంటి అవకాశం ఈ జన్మలో రాదు."

ఆ మచ్చ వెనకున్న అసలు సంగతి టైలరుకీ, ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసే బావమరిదికీ తప్ప మూడో కంటికి తెలియదు.

పన్నెండేళ్ళుగా ఏటా నాలుగు రోజులు ఆ పరాయి దేశపు సముద్రం ఒడ్డుకి వెళ్ళొస్తున్నారు మొగుడూ పెళ్ళాలు. అదే హోటలు, అదే నాలుగో అంతస్తు గది. ఆవిడకి బతుకంటే ఆ నాలుగు రోజులే, మిగతా ఏడాదంతా మొగుడి కొట్లో కాజాలు కుట్టడమే. ఈసారి ఆ హోటలు వాళ్ళే దుప్పట్లు, తెరలు కుట్టే పని ఇస్తామన్నారు. ఉండిపోదాం పదండి అంది. వీసా దరఖాస్తు ఆవిడ పేరు మీద, ఆయన వెనక తోక.

టైలరు కాదనలేదు. కాదంటే ఇంట్లో పొయ్యి వెలగదు. కానీ ఇక్కడైతే వీధి మలుపు దాకా వెళ్ళి రావడానికి పదిమంది పలకరింపులు దాటాలి. అక్కడ తనెవరో కుక్కకి కూడా తెలియదు. చుట్టంగా నాలుగు రోజులుంటే ముద్దు, అక్కడే కాపురం పెడతామంటే ఎలా?

అందుకే బావమరిదిని పట్టుకున్నాడు. "వీసాకి పంపే నా ఎక్స్‌రే ఫిల్మ్ తీసేసి, ఊపిరితిత్తులు పాడైనవాడిది ఒకటి నా పేరు మీద పంపరా. వాళ్ళు నన్ను వద్దంటారు. మీ అక్క నన్నొదిలి కదలదు. పాము చావాలి, కర్ర విరక్కూడదు." బావమరిది బుర్ర గోక్కుని సరేనన్నాడు. ఆ తర్వాత మూడు నెలలు టైలరు అక్కడ చేరబోయే కొత్తింటి ఆరు కిటికీలకీ కర్టెన్లు కుట్టాడు. అవి ఏ కిటికీకీ వేలాడవని లోలోపల నవ్వుకుంటూనే, అనుమానం రాకుండా అంచులకి రెండేసి కుట్లు వేశాడు.

ఇప్పుడా ఆరు కర్టెన్లూ మడతపెట్టి పెట్టెలో అడుగున సర్దుకుంది ఆవిడ.

"టీ పొడి నీలం డబ్బాలో ఉంది. దగ్గు మందు కిటికీ దగ్గర పెట్టాను, మూడు సీసాలు. మానకుండా వేసుకోండి."

"బట్టల నూగు గొంతులో పడితే వచ్చే దగ్గుకి మూడు సీసాలా!" అన్నాడు కానీ, మందు గుర్తుంచుకున్న మనిషి మొగుణ్ణి మాత్రం మర్చిపోతుందా అని టైలరుకి ప్రాణం లేచొచ్చింది. "ఎన్నాళ్ళలో వస్తావు?"

"అదేం ప్రశ్నండీ? ఉండిపోవడానికి వెళ్తున్నాను."

టాక్సీ ఎక్కింది. వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపింది.

టైలరు మిషను ముందు మూడు గంటలు కూర్చున్నాడు. సూదిలోకి దారం ఎక్కలేదు. టీ పెట్టుకుందామని నీలం డబ్బా తీశాడు కానీ గిన్నె ఎక్కడుంటుందో తెలియలేదు. ఏడుపొచ్చింది. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారని ఊరికే అన్నారా! రేపట్నించి ఆ పలకరించే పదిమందికీ ఏం చెప్పాలి? ఆవిడ లేని ఇంట్లో ఎవరికోసం కూర్చుని కుట్టాలి? పరువు పోతే పోయిందని ఆసుపత్రికి పరిగెత్తాడు.

ఎక్స్‌రే గదిలో బావమరిది కిరణాలు తగలకుండా వేసుకునే సీసం ఆప్రాన్ కొక్కేనికి తగిలిస్తున్నాడు. బావని చూడగానే అతని మొహం పాలిపోయింది.

"ఒరేయ్, కొంప మునిగింది! మీ అక్క వెళ్ళిపోయింది. నా అసలు ఫిల్మ్ ఉంచావా? పొరపాటున వేరేవాళ్ళది వచ్చిందని రాసి ఇవాళే పంపించెయ్. నేనూ వెళ్ళిపోతాను. ఆ హోటల్లో కాజాలైనా కుట్టుకుంటాను."

బావమరిది గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండూ ఐదు.

"కూర్చోండి బావా. పది నిమిషాలు."

"పది నిమిషాలెందుకురా? ఫిల్మేగా, తియ్యి!"

"కూర్చోండి."

మంచినీళ్ళిచ్చాడు. టైలరు ఒక గుక్క తాగి, పొలమారినట్టు దగ్గాడు. దగ్గు ఎంతకీ ఆగలేదు. బావమరిది మొహం తిప్పుకుని గడియారాన్నే చూస్తూ నిలబడ్డాడు. ముల్లు పన్నెండుంబావు దాటాక ఇంకో రెండు నిమిషాలు కూడా ఆగాడు. అప్పుడు సొరుగులోంచి ఒక కవరు తీసి, గోడకున్న దీపం పెట్టె మీద ఫిల్మ్ తగిలించి స్విచ్ వేశాడు.

కుడివైపు పక్కటెముకల వెనక నిమ్మకాయంత మచ్చ.

"ఇది మనం పంపినదాని నకలు కదరా! పెద్దదే వెతికావు. ఎవడో పాపం... నాది చూపించు."

"మార్చే అవసరం రాలేదు బావా. ఇది మీదే."

టైలరు చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి వెళ్ళింది.

"మూడు నెలలైంది కదరా... ఆ రోజే చెప్పి ఉంటే వైద్యం మొదలుపెట్టేవాణ్ణి కదరా!"

"ఆ రోజే అక్కకి చెప్పాను. మీరు నన్నేం చెయ్యమన్నారో అదీ చెప్పాను," అన్నాడు బావమరిది, దీపం ఆర్పుతూ. "తన విమానం లేచేదాకా మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."