చందూలాల్ సాక్ష్యం

“నేను నోరు తెరిస్తే లేబర్ ఆఫీసు గోడలు పగుల్తయ్ బొజ్జన్నా. నువ్వు రంది పెట్టుకోకు.”

ఏన్కూరులో బస్సెక్కిన దగ్గర్నుంచి చందూలాల్‌ది ఇదే పాట. ఖమ్మం వచ్చేలోపు మేనేజరు ఉదయ్ భాస్కర్‌ను మాటలతోనే ఉతికి, పిండి, ఆరేశాడు. అది విని కండక్టరు కూడా డ్యూటీ మానేసి విచారణ చూడటానికి వచ్చేలా ఉన్నాడు.

తీరా ఆఫీసు మెట్ల దగ్గర అతనికి దాహం పట్టుకుంది. దుమ్ముగూడెం కాడి గోదావరిని మళ్లించి పోసినా తీరని దాహం.

బొజ్జయ్య, చందూలాల్ ఇద్దరూ ఒకే కాంట్రాక్టరు కింద పామాయిల్ గెలలు లారీలకెత్తేవాళ్లు. అక్కడ కాగితాలు ఉండవు. రమ్మన్నా పొమ్మన్నా మేనేజరు ఫోన్లోనే. అదీ ఏ డ్రైవరు ఫోను చేతికందితే దాంట్లోంచే. ఓ సాయంత్రం బొజ్జయ్యకు పొమ్మని ఫోనొచ్చింది. ఎదురుమాట లేకుండా ఇంట్లో కూర్చున్నాడు. నాలుగు రోజుల్లో అతని చోట్లో ఇంకొకడు చేరాడు. వాడుకోని సెలవుల జీతమన్నా ఇమ్మని వెళితే, తనంతట తాను మానేసినోడికి సెలవుల జీతమేందని మేనేజరు గేటు బయటే నిలబెట్టాడు.

మెట్ల మీద బొజ్జయ్య భార్య సరళ టిఫిన్ గిన్నె విప్పింది. సాక్షి కోసమని గుడ్లు పెట్టే కోడినే కోసి వండుకొచ్చింది. చందూలాల్‌కు ముద్ద దిగలేదు. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు.

“భయమైతుందారా తమ్మీ?” అన్నాడు బొజ్జయ్య. “నీ పని గూడ పోతదనుకుంటే చెప్పకు. ఈడిదాంక వచ్చినవ్, నాకు గదే చాలు.”

ఆ మాటకు చందూలాల్ చెవులు ఎంత కాలాయంటే, ఎవరైనా బీడీ ముట్టించుకోవచ్చు.

లోపల ఆఫీసరు మేడం ఇద్దరి మాటా విన్నది. ఫోనే చేయలేదని మేనేజరు బిడ్డ మీద ఒట్టేశాడు. చేశారని బొజ్జయ్య అన్నాడు. ముందు తీసేశారా, మానేశాడా తేలాలి, తీసేశారని తేలితేనే పని తిరిగి ఇప్పించగలనంది మేడం.

“ఫోన్ల మాట్లాడింది ఈయనేనని ఎట్ల చెప్తవ్?”

“ఇన్నేండ్ల సంది గా గొంతుతోటే తిట్లు తింటున్న మేడం. నిద్రల లేపి అడిగినా చెప్త.”

మేడం సాక్షిని పిలిచింది. చందూలాల్ లేచి నిలబడ్డాడు. మళ్లీ అడిగింది. అతను తన కాళ్ల బొటనవేళ్లనే చూస్తున్నాడు. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. సరళ కొంగుతో కళ్లొత్తుకుంది.

“పోనియ్‌రి మేడం,” అంటూ బొజ్జయ్య తల దించుకున్నాడు. “పిల్లలున్నోడు. వాన్ని ఇడిసిపెట్టుండ్రి.”

అంతలో ముక్కుతో మాట్లాడే గొంతొకటి గదంతా వినబడింది.

“ఏయ్ బొజ్జయ్యా, రేపటి సంది పనికి రాకు. నీ అసుంటోల్లు మస్తుమంది దొరుకుతరు.”

బొజ్జయ్య తల దించుకునే ఉలిక్కిపడ్డాడు. “గదే గొంతు మేడం. సారే. ఒప్పుకుండు.”

ఉదయ్ భాస్కర్ పెదవి కదపలేదు.

మాట్లాడింది చందూలాల్. “ఆనాడు ఫోన్ల గూడ నేనే అన్నా, నవ్వులాటకు చేసిన.”