చాలా సిన్సియర్

"మా బావమరిది పనితీరు రిపోర్టులో స్మార్ట్, డైనమిక్ అని కొట్టమ్మా. ప్రమోషన్‌కి సిఫార్సు చేస్తున్నాను," అన్నాడు మేనేజరు పళ్ళు కుట్టుకుంటూ.

స్టెనో కొట్టింది. ఇటున్న పుల్ల తీసి అటు పెట్టని ఆ బావమరిది డైనమిక్ అట!

"మరి స్టోర్‌కీపరుగారికి సార్? గోడౌనంతా ఆయన భుజాల మీదే నడుస్తోంది."

"సిన్సియర్ అని కొట్టు, చాలు."

"ప్రమోషన్?"

"సిన్సియర్‌గాళ్ళకి ప్రమోషన్ దేనికి? ఇవ్వకపోయినా గొడ్డులా చేస్తారు." కిసుక్కున నవ్వి, కారు తాళాలు అందుకున్నాడు. "మిగతా రిపోర్టులు పూర్తిచేసి వెళ్ళమ్మా. ఆఫీసులో నీ అంత సిన్సియర్ ఇంకెవరున్నారు?"

ఇన్నేళ్ళూ ఆ మాటకే మురిసి చీకటి పడేదాకా కూర్చున్న స్టెనో, కంప్యూటర్ ఆపేసి సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?"

"ఇంటికి సార్. మిగతావి మీ డైనమిక్‌గారితో కొట్టించుకోండి."