వెనక సీటు

"ముట్టుకోవద్దు పెద్దాయనా! రంగు ఇంకా ఆరలేదు."

ధనంజయ అరుపుకు ముసలాయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చిత్తూరు కట్టమంచిలో గంగాధరం మెకానిక్ షెడ్డు అది. నెల రోజులుగా ధనంజయకు ఇల్లూ వాకిలీ అన్నీ అదే. పెళ్లికి ముందు మనసు చంపుకుని అమ్మేసిన తన కరిజ్మా బైకు, పద్దెనిమిదేళ్ల తర్వాత తిరుపతిలో ఒక పాత బండ్ల అంగట్లో దుమ్ము కొట్టుకుని కనిపించింది. నంబరు చూసి గుర్తుపట్టాడు. బేరమైనా ఆడకుండా తెచ్చేసుకున్నాడు.

"పాత ప్రేమ మళ్లీ దొరికిందన్నమాట" అంది భార్య రాజశ్రీ. నవ్వుతూనే అందిలెండి.

తెచ్చాక తెలిసింది, అందులో తన బండి సగమే మిగిలిందని. కార్బ్యురేటర్ లేదు. మీటరు లేదు. హెడ్‌లైటు పగిలిపోయింది. ఆ మోడల్ సామాన్లు ఎక్కడా దొరకడం లేదు.

సోమవారం ఆర్టీవో ఆఫీసులో బండిని చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అప్పటికి రోడ్డెక్కకపోతే అది పాత ఇనుమే. ధనంజయకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు.

ఇది చాలదన్నట్టు ఈ ముసలాయన ఒకడు. పేరు చెంగల్రాయుడట, వెనక వీధిలో ఉంటాడట. పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. పనీ చెయ్యడు, కదలనూ కదలడు. కరిజ్మా వంకే చూస్తుంటాడు.

"ఈయనకేం పనప్పా ఈడ?" అన్నాడు ధనంజయ, గంగాధరం చెవి దగ్గర.

"ఉండనీలేన్నా. మనల్నేమన్నా అడుగుతా ఉండాడా?"

"అది సరే, సామాన్ల సంగతి సూడు. యాడన్నా వెతుకు. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకో. నడిపినోడు సచ్చిపోయిన బండి సామాన్లు తెచ్చి నా బండికి తగిలించొద్దు. అరిష్టం."

ఈ మాట మాత్రం షెడ్డంతా వినిపించేలా అన్నాడు.

గంగాధరం తలెత్తకుండా "సరేన్నా" అన్నాడు.

"టీ సల్లారిపోతా ఉండాది, తాగండి" అన్నాడు ముసలాయన.

శుక్రవారం కార్బ్యురేటర్ వచ్చింది. శనివారం మీటరు వచ్చింది. ఆదివారం పొద్దున హెడ్‌లైటు. ఒక్కొక్కటీ పాత పంచె గుడ్డలో చుట్టి, అద్దంలా తుడిచి ఉంది.

"యాడ దొరికినాయప్పా ఇవి?"

"రాయవేలూరులో, పాత ఇనుము అంగట్లో."

రాయవేలూరు వాళ్లకు పనిలో ఎంత శ్రద్ధో అని ధనంజయ మురిసిపోయాడు.

ఆ సాయంత్రం ఇంజన్ అందుకుంది. ధనంజయ యాక్సిలరేటర్ తిప్పి మోత పెంచాడు. స్టూలు మీద ముసలాయన కళ్లు మూసుకున్నాడు.

"ఇదే. ఇట్లే ఉండేది సద్దు."

"నీకేం తెలుసు పెద్దాయనా? ఇది నా బండి సద్దు!"



సోమవారం బండి పాసయింది. ధనంజయ ఏనుగెక్కినంత సంబరంగా షెడ్డుకు వచ్చాడు. ముసలాయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గడపలోనే నిలబడి ఉన్నాడు.

"నాయనా, నన్నొక్క రౌండు ఎనక కూసోబెట్టుకుంటావా? గాంధీ బొమ్మ దాకా సాలు."

ధనంజయకు ఒళ్లు మండింది. పూజ కాని బండి మీద ఎవరైనా ఎక్కుతామంటారా? ఇంత వయసొచ్చింది, ఆ మాత్రం తెలియదా?

"పూజ గాకుండా ఎవుర్నీ ఎక్కించుకోను. రేపు కాణిపాకం పోయొచ్చినాక సూద్దాం."

"రేపు పొద్దున నేను..."

ధనంజయ స్టార్టర్ నొక్కాడు. మిగతా మాట ఇంజన్ మోతలో వినబడలేదు.

మర్నాడు కాణిపాకంలో బండికి పసుపు కుంకుమ పెట్టించి, దండ వేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. తిరిగి వస్తుంటే గాలి మొహానికి కొట్టింది. పద్దెనిమిదేళ్లు వెనక్కి వెళ్లినట్టుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆ ఇస్త్రీ చొక్కా. పాపం, ఒక్క రౌండే కదా అడిగాడు. ఎంత మొరటుగా మాట్లాడాను అనుకున్నాడు. ప్రసాదం పొట్లం జేబులో పెట్టుకుని నేరుగా షెడ్డుకు వచ్చాడు.

స్టూలు ఖాళీగా ఉంది.

"పెద్దాయన యాడప్పా? రమ్మను, తిప్పుకోనొస్తా."

"తొలి బస్సుకు మద్రాసు పోయినాడన్నా, కూతురి కాడికి. ఈడ ఇల్లు ఖాళీ చేసేసినాడు. ఇంక రాడు."

"ఫోన్ నంబరు?"

"ఆయనకు ఫోన్ యాడిది? కూతురి అడ్రసు కూడా నాకు తెల్దు."

ధనంజయ పొట్లం స్టూలు మీద పెట్టాడు.

గంగాధరం చేతులు తుడుచుకుని, అతన్ని షెడ్డు వెనక్కి తీసుకుపోయి, అక్కడ కప్పి ఉన్న టార్పాలిన్ పట్ట లాగాడు. కింద ఇంకో కరిజ్మా ఉంది. కార్బ్యురేటర్ లేదు. మీటరు లేదు. హెడ్‌లైటు లేదు. ట్యాంకు మీద బాలచంద్ర అని పేరు రాసి ఉంది.

ధనంజయ ఖాళీగా ఉన్న హెడ్‌లైటు చోటును చేత్తో తడిమాడు. "ఇదేనా నీ రాయవేలూరు?"

"సచ్చినోడి సామాన్లు వద్దంటివి కదా. అందుకే పెద్దాయన అట్ల సెప్పమన్నాడు. నేను ఈ బండిలోంచి ఇప్పితే, ఆయన తుడిచి గుడ్డలో సుట్టిచ్చినాడు."

"బాలచంద్ర ఎవురు?"

"విషజ్వరమొచ్చి పోయినాడన్నా, మూడేండ్లయింది. పెద్దాయన్ను రోజూ డ్యూటీకి దింపి వచ్చేవాడు."

గంగాధరం పట్ట మళ్లీ కప్పాడు.

"ఆయన ఎక్కుతానన్నది నీ బండి కాదన్నా, కొడుకుది."